డోళ్ల ముందు రెండు మైనపు ఉండలు

ఈ కబురు నాకు మొదట మోసుకొచ్చింది నా రెండో కూతురి బిడ్డ. దంతెవాడ ఆసుపత్రిలో నర్సు. సెలవు దొరికిందంటే చాలు, బస్సు దిగి ఇంటికి వచ్చి, చెప్పులు విడవకముందే నా ఊరగాయ జాడీ ఎత్తి పై అరలో పెట్టేస్తుంది, బి.పి. ఉన్నదానివి, నీకెందుకు ఇది అంటుంది. ఆ పిల్ల ఈసారి వచ్చినప్పుడు, చప్పుడు ఓర్చుకోలేని చెవుల కోసమని ఇప్పుడు ప్రత్యేకంగా ఇయర్ ప్లగ్గులు అమ్ముతున్నారనీ, ఫోనులో నొక్కితే ఇంటికే వస్తాయనీ, పెళ్లి ఊరేగింపు మా వీధిన వచ్చినప్పుడల్లా నేనిక వెనక గదిలోకి పోయి దిండు కింద తల దూర్చుకోనక్కర్లేదనీ చెప్పింది. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నాలాంటి చెవులున్నవాళ్లు లోకంలో ఇంకా ఉన్నారని ఇన్నాళ్లకైనా ఎవరికో తట్టింది కదా అని దేవుడి పటం ముందు నిలబడి దండం పెట్టుకున్నాను.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. మొదట వచ్చినవి పసుపు రంగు స్పాంజి ముక్కలు. వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి చెవిలో పెడితే లోపల ఉబ్బుతాయట. ఉబ్బాయి, కాదనను, ఉబ్బి ఉబ్బి, లోపల ఎవరో కూర్చుని మోచేత్తో పొడుస్తున్నట్టు అయింది. తరవాత వచ్చినవి రబ్బరువి, గొడుగు మీద గొడుగు పెట్టినట్టు అంతస్తులు. అవి పెట్టుకుని అన్నం నమిలితే నా దవడ చప్పుడు నాకే రోట్లో దంచినట్టు వినిపించింది. ఆ తరవాత మెత్తటి జిగురు బిళ్లలు, జుట్టుకు అతుక్కుని కత్తెర పడితే తప్ప వదలలేదు. చివరికి నెత్తి మీదుగా తగిలించుకునే డిప్పలు. అవి పెట్టుకుని అరుగు మీద కూర్చుంటే మా అల్లుడు ఏదో పని ఉన్నట్టు గబగబా పెరట్లోకి వెళ్లిపోయాడు. అక్కడ నవ్వుకున్నాడని నాకు తెలుసు. మనుమరాలు మాత్రం, ఇంకో రకం ఉంది అమ్మమ్మా, తెప్పిస్తాను అంటుంది. దాని ఓర్పు చల్లగుండ, విసుగంతా నాది. అదీ ఇవాళ పుట్టిన విసుగు కాదు. బస్తరు ఇంకా రాజుగారి సంస్థానంగా ఉన్న రోజుల్లో, నేను పరికిణీ కట్టుకుని తిరిగే వయసులో మొదలైన విసుగు.

మా నాయన భద్రాచలం వైపు నుంచి వచ్చి ఇక్కడ కలప కాంట్రాక్టరు దగ్గర మున్షీగా కుదిరాడు. అడవిలో ఈ ఏడు ఇంత మేర కొట్టుకోవచ్చని సర్కారు గీత గీసి ఇచ్చే భాగాన్ని కూపు అనేవారు. ఆ కూపులో పడిన ప్రతి మానుకూ సుత్తితో ముద్ర వేయించి పంపడం నాయన పని. దోర్నపాల్‌కు అవతల, అడవి అంచున ఉండే ఒక పల్లెలో మా కాపురం. ఇంట్లో అమ్మ, నాయనమ్మ, నేను. బడి అన్నది ఆ దరిదాపుల్లో లేదు. అమ్మే వసారాలో ఇసుక పోసి, నా వేలు పట్టుకుని అక్షరాలు దిద్దించింది. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది ఆమె పెట్టిన భిక్ష. ఇంట్లో తెలుగు, వాకిట్లో దొర్లి, సంతలో హల్బీ, నాయన పై అధికారులతో హిందీ. ఏ భాషలో మాట్లాడినా నాకు మాత్రం అందరూ అరుస్తున్నట్టే ఉండేది.

దానికి కారణం మన్నెం జ్వరం. నా ఈడువాళ్లకు ఆ జ్వరం గురించి చెప్పనక్కర్లేదు, ఒళ్లంతా దుప్పట్లు కప్పినా పళ్లు కొట్టుకుంటూనే ఉండేవి. సర్కారు దవాఖానా నుంచి నాయన తెచ్చిన క్వినైను మాత్రలు వారాల తరబడి మింగాను. జ్వరం పోయింది, ప్రాణం నిలిచింది; అందుకు ఆ చేదు మాత్రకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. కానీ పోతూ పోతూ ఆ జ్వరం నా చెవులకు ఉన్న తలుపులు ఊడబెరుక్కుని పోయింది. ఇత్తడి చెంబు కింద పడితే కళ్లు బైర్లు కమ్మేవి. యుద్ధం రోజులు కావడంతో పెట్రోలు దొరక్క, వెనకాల బొగ్గు కొలిమి తగిలించుకుని నడిచే లారీ ఒకటి కలప కోసం వచ్చేది. అది ఎక్కడో వాగు దాటుతుండగానే నేను వడ్ల గాదె వెనక చేరేదాన్ని. లారీ వస్తోందని ఊళ్లో అందరికన్నా ముందు నాకే తెలుస్తుందని నాయన మురిసిపోయేవాడు. నాయన చాలా మంచివాడు, కానీ ఎక్కడ మురిసిపోవాలో ఆయనకు తెలిసేది కాదు.

అసలు కష్టం జాతరలో వచ్చింది. ఇప్పపూలు రాలడానికి ముందు మా ఊరి తల్లికి ఏటా జాతర చేసేవారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి డోళ్లు వచ్చేవి, కొమ్ము బూరలు వచ్చేవి, నేల మీద పెట్టి కర్రలతో బాదే తుడుములు వచ్చేవి. ఆ తుడుము దెబ్బ చెవిలోంచి కాదు, అరికాలిలోంచి ఎక్కేది. ఆ ఏడు అమ్మ నన్ను చంకన వేసుకుని ముందు వరసలో నిలబడింది, తల్లి నా ప్రాణం కాపాడిందని మొక్కు చెల్లించడానికి. డోళ్లన్నీ ఒక్కసారి లేచాయి. నేను చెవులు మూసుకున్నాను, వణికాను, కళ్లు తేలేశాను, కింద పడ్డాను. ఇంకే ఊళ్లోనైనా పిల్లకు ఏదో అయిందని ఇంటికి తీసుకుపోయేవారేమో. మా ఊళ్లో, తల్లి ఈ పిల్ల మీదికి వచ్చింది అన్నారు.

తల్లి ఒంటి మీదికి వచ్చిందంటే ఆమెను సంతోషపెట్టాలి కదా. సంతోషపెట్టాలంటే డోళ్లు ఇంకా గట్టిగా కొట్టాలి. డోళ్లు గట్టిగా కొడితే నేను ఇంకా వణుకుతాను. నేను వణికిన కొద్దీ తల్లి నిజమే అని వాళ్లకు రూఢి అయ్యేది. ఈ చక్రంలోంచి బయటపడే దారి ఏదీ లేదు. ఎవరో నా కాళ్ల మీద పసుపునీళ్లు పోశారు, ఎవరో వానలు ఎప్పుడు పడతాయని అడిగారు, ఒకామె తనకు కొడుకు పుడతాడా అని నా చెవిలోనే అరిచింది. నేను ఏడుస్తూ తల ఊపాను. ఆమెకు ఆ ఏడే కొడుకు పుట్టాడు, ఇక చెప్పేదేముంది.

రెండో ఏడు ఇదే జరిగింది. ఈసారి నేను తెలివిగా ముందే చెవులు మూసుకుంటే, పక్కనున్న ఇద్దరు ఆడవాళ్లు నా చేతులు పట్టుకుని కిందికి దించారు, తల్లి మాట వినకుండా చెవులు మూసుకోకూడదని. ఎంతో ప్రేమగా దించారు, వాళ్లను ఏమనగలను. ఆ తరవాతే వడ్డె, అంటే తల్లికి పూజ చేసే పెద్ద, మా ఇంటికి వచ్చి ఊరి కట్టు చెప్పాడు. వరసగా మూడు జాతరల్లో తల్లి ఎవరి మీదికి వస్తే వాళ్ల ముంజేతికి పసుపు గుడ్డ కడతారు. కట్టిన తరవాత ఆ మనిషి తల్లి సొత్తు. తల్లి ఏ ఊరికి బయల్దేరినా ఆ ఊరికి నడవాలి, ప్రతి జాతరలో డోళ్ల ముందు నిలబడాలి, పండగ రోజుల్లో వడ్డె ఇంట్లోనే ఉండాలి. అది అక్కడివాళ్లకు పెద్ద గౌరవం, ఎందరో ఆ అదృష్టం కోసం మొక్కుకునేవారు. వడ్డె కూడా సంతోషంగానే చెప్పి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి వెళ్లాడు. అప్పటికే ఒక చెవి వెనక నొప్పి రోజుల తరబడి తగ్గడం లేదు. ఇంకో ఏడు వణికితే ఆ డోళ్ల ముందే నా బతుకు.

జాతరకు పోకుండా ఉంటే పోదా అని మీరు అడగవచ్చు. తల్లి పట్టిన పిల్లను ఊరి పొలిమేర దాటించకూడదన్నారు. ఊరివాళ్లకు కోపం వస్తే కూపులో చెట్టు మీద గొడ్డలి వేసేవాడు దొరకడు, నాయన కొలువు ఊడుతుంది. చెవులకు గుడ్డ కట్టుకుని పోతే తల్లిని అవమానించినట్టు. అందుకని అమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. చెవిలో పెట్టినట్టు పైకి కనపడకూడదు, చప్పుడు లోపలికి పోకూడదు, పిల్లకు నొప్పి పుట్టకూడదు. ఈ మూడూ ఒక్క వస్తువులో ఉండాలి. ఆ వస్తువు కోసం మా ఇంట్లో ఏడాది పాటు సాగిన ప్రయోగాలు తలుచుకుంటే ఇప్పటికీ నా తల దురద పెడుతుంది.

మొదట బూరుగు దూది. మెత్తనిదేగానీ దాని నూగు చెవిలో ఎక్కడెక్కడికో పాకి, గొంతులో దగ్గు తెప్పించేది. చెవిలో దూది పెడితే గొంతులో దగ్గు ఎందుకు వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. తరవాత నాయనమ్మ రంగంలోకి దిగింది. వెల్లుల్లి వేసి కాచిన నూనెలో గుడ్డ పీలికలు ముంచి, చుట్టి, రెండు చెవుల్లోనూ కుక్కింది. నూనె మెడ వెంట కారింది. కారిన నూనెకు చీమలు వచ్చాయి. ఆ రోజు నేను పెట్టిన గోలకు డోళ్లే నయమని నాయనమ్మే అన్నది. నాయన కోంటా వెళ్లినప్పుడు అక్కడి కాంపౌండరును బతిమాలి మందు సీసాల రబ్బరు బిరడాలు తెచ్చి, చాకుతో చెక్కి ఇచ్చాడు. ఎంత శ్రద్ధగా చెక్కాడో పాపం. చెవి వాచి, చీము పట్టి, వారం రోజులు జ్వరంతో పడుకున్నాను. ఆ తరవాత అమ్మ తడి జొన్నపిండి ముద్ద పెట్టింది. అది లోపల ఎండి గట్టిపడితే గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి తీయడానికి ఒక పూట పట్టింది.

ప్రతిదానికీ పరీక్ష ఉండేది. నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టి, వెనకాల నాయనమ్మ ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొట్టేది. కొట్టి, వినపడ్డదా బిడ్డా అని అడిగేది. వినపడిందంటే, ఇది పనికిరాదు తీసెయ్ అనేది. ఒకసారి ఆ కొట్టుడు తప్పించుకుందామని వినపడలేదన్నాను.

"పళ్లెం ఇనబడలేదు గానీ నా మాట ఇనబడ్డదా? ఏంది పిల్లా, నాకే నేర్పుతున్నవా?"

ఆ మాటకు అమ్మ నవ్వింది, నాయన నవ్వాడు, వాళ్లతోపాటు నేనూ నవ్వబోయి, నాయనమ్మ మళ్లీ పళ్లెం అందుకునేసరికి లేచి పరిగెత్తాను.

అలా పరిగెత్తి నేను పోయే చోటు ఒకటుండేది. ఊరి చివర గంటలు పోసేవాళ్ల ఇల్లు. తల్లి దగ్గర నిలబెట్టే పొడుగాటి గడకు ఏటా కొత్త గంటలు కట్టాలి. ఆ గంటలు పోయడానికి ఎప్పుడో జగదల్‌పూర్ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. గంటలు చేసే ఇంట్లో మోత ఉంటుందని మీరు అనుకుంటారు. ఊరు మొత్తంలో అంత నిశ్శబ్దమైన ఇల్లు లేదు. మట్టితో లోపలి అచ్చు చేసుకుని, దాని చుట్టూ మైనపు దారం ఒద్దికగా చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోయిన సందులోకి కరిగిన లోహం పోస్తారు. ఆ పనిలో ఎక్కువ భాగం మైనంతోనే, మైనానికి నోరు లేదు. ఆ ఇంటి పెద్దావిడ, మేమంతా అవ్వ అని పిలిచేవాళ్లం, ఎండలో చాప వేసుకుని కూర్చుని చిల్లులున్న చెక్క పీటలోంచి మైనాన్ని దారంలా నొక్కి తీస్తుండేది. ఆమె మాట కూడా మైనం లాగే మెల్లగా ఉండేది. ఇంట్లో హల్బీ మాట్లాడినా నాతో మాత్రం మా అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగులో మాట్లాడేది. పిల్లలు చుట్టూ చేరితే మిగిలిన మైనపు ముక్కలు ఆడుకోవడానికి ఇచ్చేది.

ఒకనాడు నా చెవిలో ఇంకా కాస్త జొన్నపిండి కనపడి, ఇదేంటని అడిగింది. నేను అంతా చెప్పాను, చీమలతో సహా. ఆమె నవ్వలేదు. చేతిలో ఉన్న మైనపు దారం తుంచి, వేళ్ల మధ్య ఉండ చేసి నా చెవిలో పెట్టింది. పెట్టీ పెట్టగానే నేను కెవ్వుమన్నాను. దారం తెగకుండా ఉండాలని ఆ మైనంలో చెట్టు బంక కలుపుతారట, అది నా చర్మాన్ని పట్టుకుని పీకింది. ఇంకో రకం పెట్టింది, పాత మైనం, అందులో మట్టి గరుకు. అప్పటికి నాకు ఈ ఆడాళ్లందరి మీదా, నా చెవుల మీదా కూడా విరక్తి కలిగి, అవ్వ చాప మీద పడి ఏడ్చాను. ఆమె లోపలికి పోయి, ఆకుల్లో చుట్టి అటక మీద విడిగా పెట్టిన కొత్త మైనం తెచ్చింది. తేనెపట్టు వాసన ఇంకా పోనిది. కొంచెం ఇప్పనూనె, చిటికెడు బూరుగు దూది కలిపి, అరచేతుల మధ్య ఎంతసేపు నలిపిందంటే, నాకు ఏడుపు ఆగిపోయి ఆమె చేతులు చూస్తూ కూర్చున్నాను.

ఆ రెండు ఉండలు చెవుల్లోకి ఎప్పుడు వెళ్లాయో తెలియలేదు. నొక్కలేదు, గుచ్చలేదు, కారలేదు. లోకమంతా ఒక అడుగు వెనక్కి జరిగి నిలబడినట్టయింది. నేను ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. చాలా రోజుల తరవాత భుజాలు కిందికి దిగాయి. ఆ సుఖానికి ఏ పేరు పెట్టాలో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. ఆ పూట ఇంటికి వచ్చి అమ్మ దేవుడి దగ్గర వెలిగించిన దీపం ముందు ఊరికే కూర్చున్నాను. నాయనమ్మ వెనకనుంచి పళ్లెం కొట్టిందట. నేను తిరగలేదు.

ఒక్క సంగతి మాకు అప్పుడు తెలియదు. ఆ ఆకుల్లో చుట్టిన మైనం తల్లి గంటల కోసం తీసిపెట్టింది. తల్లి వస్తువుకు అచ్చయ్యే మైనాన్ని మనిషి ఒంటికి తాకించకూడదన్నది ఆ పనివాళ్ల కట్టు. చేయి తాకవచ్చు, అది పని కాబట్టి. ఇంకే అవసరానికీ వాడకూడదు. అవ్వ ఆ మాట మాతో అనలేదు.

జాతర వచ్చింది. అమ్మ నా జుట్టు చెవుల మీదికి దువ్వి, రెండు వైపులా పూలు పెట్టింది. నన్ను మధ్యలో నిలబెట్టి డోళ్లవాళ్లు చుట్టూ చేరారు. కర్రలు లేచాయి, పడ్డాయి. అరికాలిలో అదురు తెలిసింది, అంతే. తుడుము ఏదో పక్క ఊళ్లో మోగుతున్నట్టుంది. నేను వణకలేదు, పడలేదు. ఆ హాయికి నాకు నవ్వు కూడా వచ్చింది. అమ్మ వైపు చూసి నవ్వాను.

ఇక్కడితో కథ అయిపోవలసింది. కానీ నా చెవుల విషయంలో ఏదైనా సాఫీగా జరిగితే అది నా జాతకమే కాదు. పిల్ల వణకడం లేదని గమనించిన వడ్డె, వాళ్ల పద్ధతి ప్రకారం డోళ్లు మోగుతుండగానే నా వెనక నిలబడి అడిగాడు, ఎవరొచ్చారు అని. పిల్ల మామూలు పిల్లయితే తిరిగి, ఎవరూ రాలేదు, నేనే అంటుంది. నాకు వినపడితే కదా అనడానికి. మళ్లీ అడిగాడు. మూడోసారి అరిచి అడిగాడట. నేను ఇంకా అమ్మ వైపే చూసి నవ్వుతున్నాను. వణుకుతూ వచ్చే తల్లి కన్నా పలకకుండా, కదలకుండా, నవ్వుతూ వచ్చే తల్లి పెద్దదట. జనం ఒక్కసారిగా మోకాళ్ల మీద కూలబడ్డారు. కొడుకు పుట్టినామె ఆ కొడుకును తెచ్చి నా పాదాల దగ్గర పడుకోబెట్టింది. ఏమిటిదంతా అని నేను బిత్తరపోయి చూస్తుండగా వడ్డె ముందుకు వచ్చి నా ముంజేయి పట్టుకున్నాడు. ఆయన రెండో చేతిలో పసుపు గుడ్డ ఉంది. అమ్మ నోరు తెరిచింది గానీ ఆమె ఏమన్నదో నాకు వినపడలేదు. ఏమీ అనలేకపోయానని తరవాత ఎప్పటికో చెప్పింది.

అప్పుడు ఎవరో నా మొహాన్ని పక్కకు తిప్పారు. అవ్వ. నా జుట్టు తొలగించి, ఒక చెవిలోంచి మైనపు ఉండ తీసి, వేళ్ల మధ్య పైకెత్తి పట్టుకుంది. ఆ చెవిలోకి జాతర మొత్తం ఒక్కసారిగా వచ్చి పడింది. నేను తట్టుకోలేక ఆమె నడుముకు చుట్టుకుపోయాను. దగ్గరున్న డోళ్లు ఆగాయి, తరవాత దూరంవి ఆగాయి.

"తల్లి రాలే. ఇది నా మైనం," అన్నది. "డోలు దెబ్బకు పిల్ల చెవులు నొస్తయ్. నొప్పికి వణికింది, రెండేండ్లు. ఇప్పుడు నువ్వు అడిగింది దానికి ఇనబడలే."

వడ్డె ఆ ఉండ తీసుకుని వాసన చూశాడు. కొత్త మైనం వాసన ఆయనకు తెలియనిది కాదు.

"తల్లి గంటల మైనమా ఇది?"

"ఆ."

"మనిషి ఒంటికి పెట్టొద్దని తెల్వదా అవ్వా నీకు? ఇంత వయసొచ్చింది."

"తెలిసే పెట్టిన. వేరేది గుచ్చుకున్నది పిల్లకు."

వడ్డె నా ముందు గొంతుక్కూర్చున్నాడు. నొప్పి లేస్తదా బిడ్డా అని అడిగాడు. ఆ రెండేళ్లలో నన్ను వానల గురించి అడిగారు, కొడుకుల గురించి అడిగారు, పోయిన ఎడ్ల గురించి అడిగారు. ఊళ్లో నొప్పి గురించి అవ్వ తరవాత అడిగింది ఆయనొక్కడే. లేస్తది అన్నాను. ఆయన పసుపు గుడ్డ మడిచి బొడ్లో దోపుకుని, డోళ్లను చెరువు వైపు తీసుకుపొమ్మని చెప్పాడు. మా అమ్మ నన్ను ఎత్తుకున్నప్పుడు ఆమె ఒళ్లంతా చెమటతో తడిసి ఉంది.

నన్ను వదిలేశారు. అవ్వను వదల్లేదు. కట్టు కట్టే. ఆ మైనంతో పోసిన గంటలు తల్లి గడకు ఉండకూడదని అక్కడికక్కడే విప్పి ఆమె చేతుల్లో పెట్టారు. ఆమె వాటిని మోగకుండా పట్టుకుని కొంగులో మూటగట్టుకుంది. ఊరికి భోజనం పెట్టాలన్నారు, పెట్టింది. నాయన బియ్యం మోయించుకుపోతే, తప్పు చేసినవాళ్ల ఇంటి గింజే ఉడకాలని వడ్డె తిప్పి పంపాడు. మరుసటి ఏడు నుంచి తల్లి గంటలు వేరే ఊరి పనివాళ్లు పోశారు. అంటే ఏటా ఒక్కసారి ఆ ఇంటికి దక్కే మర్యాద పోయింది, పనీ పోయింది. ఆమె కొడుకు కొన్నాళ్లు మా వాకిలి వైపు చూసేవాడు కాదు. అతన్ని తప్పుపట్టను.

అయినా నాకు ఉండలు చేసి ఇవ్వడం ఆమె మానలేదు, ఇంకెక్కడినుంచో తెచ్చి వడకట్టిన మైనంతో. ఒకనాడు నేను ఆమె చాప మీద కూర్చుని, నా వల్లే కదా నీ గంటలు పోయాయి అని ఏడిస్తే, ఆమె నలుపుతున్న మైనం మీదినుంచి కళ్లెత్తకుండానే అన్నది.

"గంట ఇంకోటి పోసుకుంట బిడ్డా. చెవి పోసుకోగల్తనా?"

తరవాత సంస్థానం పోయింది, రాజుగారి సర్కారు పోయి కొత్త సర్కారు వచ్చింది, కాంట్రాక్టరు కూపులు వదులుకున్నాడు, నాయన మమ్మల్ని తీసుకుని నది దాటి భద్రాచలం వైపు వెళ్లిపోయాడు. బండి ఎక్కేముందు అవ్వ ఆకులో చుట్టి ఇచ్చిన మైనం నాలుగు వేసవుల దాకా వచ్చిందనుకుంటాను. ఆ తరవాత నేను ఎన్ని రకాలుగా కలిపినా ఆమె చేతి మెత్తన రాలేదు. పెళ్లయి, భర్త ఉద్యోగం మీద మళ్లీ ఈ నేలకే వచ్చాక మొదట చేసిన పని ఆ పల్లెకు వెళ్లడం. ఆ ఇల్లు లేదు. వడ్డె కాలం చేశాడు. గంటలవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారన్నారు; నగర్‌నార్ దగ్గర ఉన్నారని ఒకరు, కాదు ఇంకా పైకి పోయారని ఇంకొకరు. రెండు చోట్లా వెతికించాను. కనపడలేదు. కొడుకు పుట్టినామె మాత్రం ఇంకా అక్కడే ఉంది. నన్ను గుర్తుపట్టి కాళ్లకు దండం పెట్టబోతే గట్టిగా పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఎవరెన్ని చెప్పినా ఆమె నమ్మకం ఆమెదే.

ఇప్పటి పిల్లలకు అన్నీ దొరుకుతున్నాయి, అందుకు నాకు సంతోషమే, ఆ తల్లి వాళ్లను చల్లగా చూడాలి. కానీ ఒకటి మారిపోయింది. ఆ రోజు అంత పెద్ద జాతర, ఒక ముసలామె చెప్పిన మాటకు, ఒక చిన్న పిల్ల నొప్పి కోసం ఆగింది. ఆమెను తప్పుపట్టినవాళ్లే ముందు డోళ్లు దింపి ఆ తరవాత తప్పు గురించి మాట్లాడారు. ఇప్పుడు ఎవరికి నొప్పిగా ఉంటే వాళ్లు తలుపు వేసుకోవాలి. ఊరు ఆగదు. అడిగే మనిషీ ఉండదు, ఆగమని చెప్పే మనిషీ ఉండదు. నేను కూడా ఎవరి కోసమూ అలా నడిమధ్యకు వెళ్లి నిలబడలేదు, నాకు ఆ ధైర్యం రాలేదు.

ఆమె పేరు నాకు తెలియదు. అడగాలన్న జ్ఞానం ఆ వయసులో లేదు, అడిగే వయసు వచ్చేసరికి ఆమె లేదు. నా తరవాత ఆమెను ఎరిగినవాళ్లు ఎవరూ మిగలరు. ఇది చదివిన నా ఈడు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, సాయంత్రం దీపం పెట్టుకుని మీ మీ పెద్దలను తలుచుకునే వేళ, మీకు ఏమీ కాని ఆ గంటల అవ్వను కూడా ఒక్కసారి తలుచుకోండి.